కంప్లి గుండ్లు, లక్ష్మన్న టోపీలు

బళ్లారి తేరు బీదిలో మా సైకిల్ షాపుకూ లక్ష్మన్న టోపీల అంగడికీ మధ్య ఒక చెక్క గోడ ఉంది. దానికి ఒక కన్నం. అది చెదలు చేసిన కన్నమని లక్ష్మన్న ఈ రోజుకీ నమ్ముతున్నాడు. మా షాపులో కన్నాలు పెట్టే బర్మా ఉన్న సంగతి ఆయనకు తట్టలేదు, నేనూ చెప్పలేదు. ఆయన గురించి నేను రాయగలిగిందంతా ఆ కన్నం పుణ్యమే.

అందులోంచి చూస్తే మొదట కనబడేది ఆయన కుడికాలు. అది ఆడుతూనే ఉంటుంది. మిషన్ తొక్కేటప్పుడు ఆడితే అర్థముంది. ఆయన అన్నం తింటున్నా, దేవుడికి దండం పెట్టుకుంటున్నా, లేని పెడలొకటి తొక్కుతూనే ఉంటాడు.

"నిద్దరలో గూడా తొక్కుతాడప్పా ఈ మనిషి," అని ఆయన పెండ్లాం పంపమ్మ మా అమ్మతో మొరపెట్టుకునేది. "తెల్లారేసరికి దుప్పటి యాడికో పోయుంటాది, నేను గోడకు అతుక్కోని ఉంటా."

లక్ష్మన్న దగ్గర పెద్ద చదువు లేదు గానీ చరిత్ర ఉంది. రాజులు, యుద్ధాలు కాదు. టోపీల చరిత్ర. దండు కంటోన్మెంటులో తెల్లదొరలు ఉన్నన్నాళ్లూ వాళ్ల నాయన బెండు టోపీలకు ఖాకీ గుడ్డ తొడుగులు కుట్టాడట. దొరలు పోయారు, బెండు టోపీలు మాత్రం పోలేదు. తుంగభద్ర డ్యాము కట్టే ఇంజనీర్ల నెత్తి మీదికెక్కాయి. డ్యాము పూర్తయ్యాక అవి అటకెక్కాయి. సండూరు గనుల మేనేజర్లు మెత్తటి ఫెల్టు టోపీలు పెట్టుకున్నారు, చుట్టూ అంచు, పైన రెండు వేళ్లతో నొక్కినట్టు సొట్ట. ఎండకు లోపలి తోలుపట్టీ ముడుచుకుపోతే, అవి బిగుసుకుని నుదురు మీద ఎర్రటి గీత పడేది. సరిచేయడానికి లక్ష్మన్న దగ్గరికే వచ్చేవాళ్లు. పాతకాలపు సాయిబులకు కుచ్చు వేలాడే ఎర్రటోపీ, పల్లెల రైతులకు మూరలకొద్దీ రుమాలు, ఊళ్లో వ్యాపారస్తులకు నల్ల టోపీ.

"బళ్లారి ఏ రాష్ట్రంలో కలవల్లా అని గొడవ జరిగింది చూడు," అని ఆయన చెప్పేవాడు, "ఈ పక్కోళ్లూ తెల్లటోపీనే, ఆ పక్కోళ్లూ తెల్లటోపీనే. రెండు ఊరేగింపులోళ్లూ మా నాయన దగ్గరే కుట్టించుకున్యారు. వీధిలో ఎదురుపడి తోసుకున్యారు. టోపీలన్నీ కిందపడినాయి. మల్ల ఎవనిది ఎవనిదో తెలీక మా నాయన్నే పిలిపించినారు."

టోపీ వంపు చూసి మనిషిని చెప్పేవాడు. కనుబొమల మీదికి దించితే బాకీ వాళ్లని తప్పించుకుంటున్నాడు. వెనక్కి నెట్టితే పెండ్లాం ఊళ్లో లేదు. ఎడమ చెవి మీదికి వాల్చితే నాటకాల పిచ్చి. నన్ను చూసి ఒకటే మాట అనేవాడు: "నీకు ఏ టోపీ నిలవదురా. తల నిలిస్తే గదా."

ఆయన గొప్పతనం కుట్టులో లేదు, కంట్లో ఉంది. ఆయన అంగట్లో టేపు లేదు. మనిషిని ఒక్కసారి చూస్తాడు, ఒక కన్ను సగం మూస్తాడు, కత్తెర తీసుకుంటాడు. ఒకసారి పెళ్లి భోజనాల్లో పెద్దలందరూ టోపీలు తీసి కిటికీలో పెడితే, నేనూ మా వీధి శివప్ప కలిసి పద్నాలుగు టోపీలూ కలిపేశాం. చెయ్యి కడుక్కుని వచ్చిన పెద్దమనుషులు ఒకరి టోపీలో ఒకరు మునిగిపోయి, లక్ష్మన్నను పిలిపించారు. ఆయన వరసగా తలలు చూసుకుంటూ, చీట్లు పంచినట్టు టోపీలు పంచేశాడు. ఒక్కటి తప్పలేదు. చివర మా ఇద్దరి దగ్గరికొచ్చి చెరొకటి నెత్తిన మొట్టాడు. అది కూడా సరిగ్గా కొలిచి మొట్టినట్టే ఉండింది.

ఇక అసలు సంగతి. మా పక్క వ్యాపారస్తుల పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. ఎదురుకోలు నాడు ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివాళ్ల పెద్దలకు కొత్త నల్ల టోపీలు పెట్టాలి. వదులైతే పరువు తక్కువ, బిగుతైతే పగ. చిక్కేమిటంటే, తల కొలత అడగకూడదు. టోపీలు కుట్టిస్తున్నామన్న సూచన కూడా అవతలివాళ్లకు అందకూడదు. కాబట్టి లక్ష్మన్నే ఏదో నెపం మీద ఆ ఊరికి పోయి, తలలు చూసి రావాలి. ముప్పై ఏళ్లుగా ఆదోని, గుంతకల్లు, హోస్పేట అన్నిచోట్లా ఇలా దొంగచూపులు చూసొచ్చాడు.

కానీ కాలం మారింది. కుర్రాళ్లు చెవులు మూసేలా జుట్టు పెంచారు. ఆ జుట్టు చూపించుకోవడానికే పుట్టినట్టు తిరిగేవాళ్లు, దాని మీద టోపీ ఎవడు పెడతాడు? పెళ్లి టోపీలే లక్ష్మన్నకు మిగిలిన బతుకు. ఎనభై ఒకటిలో, బట్టల అంగడి రాజగోపాలయ్య కూతురికి కంప్లి సంబంధం కుదిరింది. వీధిలో ఏ పెళ్లయినా జనం రాజగోపాలయ్య ఎలా చేశాడో చూసి అలాగే చేస్తారు. ఆయన లక్ష్మన్న అంగడి ముందు నిలబడి, చేతిలో ఒక రెడీమేడ్ టోపీ తిప్పుతూ అన్నాడు.

"లక్ష్మన్నా, హుబ్బళ్లి నుంచి వచ్చినాయి ఇవి. చిన్నది, నడిమిది, పెద్దది. మూడే సైజులు. ఏ తలకైనా ఏదో ఒకటి పడతాది. ఈ దొంగసవారీలు యాలప్పా ఇంక?"

లక్ష్మన్న కాలు వేగం పెంచింది. "మూడు సైజులేంటయ్యా, దేవుడు మూడే తలలు చేసినాడా? కంప్లోళ్లు పదకొండు మంది పెద్దలు. పదకొండూ నేను చూసొస్తా. ఒక్కటి తప్పినా ఈ మిషన్ అమ్మేస్తా."

"మాట గదా?"

"మాటే."

"సరే. తప్పితే మా తమ్ముని ఇంట్లో పెండ్లిళ్లన్నిటికీ హుబ్బళ్లి టోపీలే. ఊరు గూడా అదే దోవ పడతాది. నీకు తెలుసు."

తెలుసు. లోపల అస్తరు గుడ్డ కత్తిరిస్తున్న పంపమ్మకీ తెలుసు. కత్తెర చప్పుడు ఆగింది.

కంప్లికి నన్ను మేనల్లుడని చెప్పి తీసుకుపోయాడు. బియ్యం బేరమని నెపం. కురుగోడు మీదుగా బస్సులో పోతున్నంతసేపూ ఆయన మోకాలు నా మోకాలికి కొట్టుకుంటూనే ఉంది. మగపెళ్లివాళ్ల రైసుమిల్లులో పెద్దదిక్కు విరూపాక్షయ్య, అరవై ఏళ్లవాడు. ఆ వయసులో అంత జుట్టు నేనెక్కడా చూడలేదు. నూనె పెట్టి వెనక్కి దువ్వితే పరుపు పరిచినట్టుంది. మిగిలిన అన్నదమ్ములకీ అదే పంట. లక్ష్మన్న బియ్యం గింజ నోట్లో వేసుకుని నములుతూ, ఒక కన్ను సగం మూస్తూ, ఒక్కొక్క తలనూ దాటుకుంటూ పోయాడు.

"ఏమప్పా, కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడు విరూపాక్షయ్య.

"తవుడయ్యా, తవుడు," అన్నాడు లక్ష్మన్న.

ఇరవై రోజుల్లో పదకొండు టోపీలు తయారయ్యాయి. శ్రావణమాసం పెళ్లి. మధ్యాహ్నం మూడింటికి కంప్లి బస్సు సత్రం ముందు ఆగింది. లక్ష్మన్న ఒక స్తంభం చాటున నిలబడి, తన కొలతను కళ్లతో ఇంకోసారి సరిచూసుకుందామని మెడ చాచాడు.

మొదటి గుండు దిగింది.

రెండో గుండు దిగింది. నేను లెక్కపెడుతున్నాను. గంధం పూసుకుని, ఎండకు మెరుస్తూ, పదకొండు గుండ్లు వరసగా దిగాయి. చివరన, జుట్టున్నవాడు ఒక్కడు, పెళ్లికొడుకు.

సంబంధం కుదిరితే పెద్దలందరూ తలనీలాలిస్తామని తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నారట. నాలుగు రోజుల కిందే పోయొచ్చారు. చెప్పడానికి వాళ్లకేం తెలుసు, ఇక్కడ వాళ్ల జుట్టు మీద టోపీలు కుట్టారని? అడగడానికి మనకేం వీలుంది? ఆచారమే నోరు మూసింది, రెండు పక్కలా.

"లక్ష్మన్నా," అన్నాను, "దేవుడు నీకు..."

"ఆ మాట అనకు," అన్నాడు. టోపీ పెట్టడమన్న మాట ఊరంతా వాడి వాడి ఆయనకు విసుగు పుట్టించింది. ఆ రోజు నిజంగానే అనకూడదనిపించి మూసుకున్నాను. నా నోరు దానంతటదే మూసుకోవడం అదే మొదలు.

ఇంటికి పరుగెత్తాడు. ఒక టోపీ కుట్టు విప్పాడు. పైబిళ్ల చిన్నది చేయాలంటే పట్టీ విప్పాలి, పట్టీ విప్పితే అస్తరు విప్పాలి. ఒక్కదానికే గంట పట్టేలా ఉంది. పంపమ్మ సూది అందిస్తూ, "యాడ మొదలుపెట్టేది, యాడ ముగించేది?" అంది. ఆయన మళ్లీ ఆ విప్పిన టోపీనే కుట్టి, పదకొండూ పళ్లెంలో పెట్టుకుని బయలుదేరాడు.

ఎదురుకోలులో నాదస్వరం ఆగింది. రాజగోపాలయ్య మొదటి టోపీ తీసి విరూపాక్షయ్యకు పెట్టాడు. అది నుదురు దాటింది, కనుబొమలు దాటింది, ముక్కు దగ్గర ఆగింది. ఆడపిల్లల గుంపులోంచి ఒక కిసుక్కు. తరవాత కంప్లివాళ్లలో ఒకాయన గొంతు:

"ఏమండీ, మా అన్న తలకాయి గుమ్మడికాయనుకున్యారా?"

లక్ష్మన్న ముందుకొచ్చాడు. "తప్పు నాదయ్యా. కుట్టింది నేను. మీ జుట్టుకు కుట్టినా. జుట్టు లేకుండా వస్తారని తెలీదు."

విరూపాక్షయ్య టోపీ పైకెత్తి, కళ్లు బయటికి తెచ్చుకుని, ఈయన్ని ఎక్కడో చూశానన్నట్టు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. మిగిలిన పదిమందీ అలాగే చేశారు. పెళ్లి ఆగలేదు గానీ, ఆ పూట భోజనాల్లో ఎవరూ రెండోసారి పప్పు అడగలేదు.

మరుసటి రోజు రాజగోపాలయ్య అంగడికొచ్చాడు. "మిషన్ సంగతేమప్పా?"

"రెండు నెల్లు టైమియ్యండి," అన్నాడు లక్ష్మన్న. "వెంట్రుకలొస్తాయి. దసరాకు జమ్మి ఆకు, మన బన్నీ ఆకు, ఇచ్చేకి విరూపాక్షయ్య మీ ఇంటికొస్తాడు గదా, కొత్త వియ్యాలోళ్లు? ఆపొద్దు ఆ టోపీ పెట్టి చూడండి. కూర్చుంటే నా కన్ను కరెక్టు. కూర్చోకుంటే మీరే కొనేవాణ్ని పిలిపించండి."

రాజగోపాలయ్య ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి రెండు నెలలు లక్ష్మన్న బతుకు ఒక గుండు మీద మొలిచే వెంట్రుకల్లో ఉండిపోయింది.

ప్రతి మంగళవారం కంప్లి బస్సు. మిల్లు ఎదురుగా చాయ్ అంగట్లో దాక్కుని చూసేవాడు. సాయంత్రం నా దగ్గరకొచ్చి సమాచారం చెప్పేవాడు.

"గసగసాలంత వచ్చినాయి."

తరవాతి వారం: "ఆవాలంత."

ఆ తరవాత: "ముందు పక్క వస్తాండాయి, నడినెత్తిన ఇంకా రాలేదురా. నడినెత్తిన రాకుంటే పైబిళ్ల నిలవదు."

ఆ ఊరి మంగలి హులిగెప్పను స్నేహం చేసుకున్నాడు. "యాకప్పా నీకీ పాట్లు," అని హులిగెప్ప కన్నడం కలిపి అడిగి నవ్వితే, ఈయన బతిమాలాడు: "దసరా దాకా ఆయన తల మీద కత్తెర పెట్టొద్దు. గడ్డం ఒక్కటీ గీయి." గుంటగలగరాకు నూనె సీసా ఒకటి ఇచ్చి, ఏదో నెపంతో రాయమన్నాడు. హులిగెప్ప దాన్ని తన తలకే రాసుకున్నాడని తరవాత తెలిసింది.

ఇంటి దగ్గర పని నడవలేదు. పట్టీ కత్తిరించబోయి గోడ వైపు చూస్తూ ఉండిపోయేవాడు. రాత్రి మెలకువొస్తే వెంట్రుకలు ఎంత పెరిగుంటాయో అడిగేవాడట. "నాకు మొలిచేవి అడిగినావా ఎప్పుడన్నా?" అని పంపమ్మ కసిరింది. కసిరినా, దసరా దగ్గరపడేకొద్దీ ఆమె కూడా అంగడి గుమ్మంలో నిలబడి బస్సులు చూడ్డం మొదలుపెట్టింది. మిషన్ పోతే ఏం చేస్తామని ఆమె అడగలేదు. అడగకపోవడమే చూడలేకపోయాను.

ఇంత జరుగుతుంటే నేను గమ్మునుండాలి గదా. ఉండలేదు. ఒక కార్డు కొని, లక్ష్మన్న పేరు మీద ఎడమ చేత్తో కన్నడంలో రాసి, కంప్లికి పోయే లారీ క్లీనరు చేత అక్కడే పోస్టు చేయించాను: యజమానులు విరూపాక్షయ్యగారు మళ్లీ తిరుపతికి మొక్కుకున్నారు, శనివారం ప్రయాణం, గుండు. ఇట్లు, హితైషి.

కార్డు వచ్చినప్పుడు నేను కన్నం దగ్గరే ఉన్నాను, నవ్వడానికి సిద్ధంగా. లక్ష్మన్న చదివాడు. గుడ్డ సూది కిందే ఉంది. వేలికి సూది గుచ్చుకోకుండా తొడిగిన అంగుస్తానా ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. అలాగే లేచి వీధిలోకి పరుగెత్తాడు. పంపమ్మ వెనకాల, "ఏమైందప్పా, ఏమైంది?" అని అరుస్తూనే ఉంది. నేను షాపులోంచి దూకి, "లక్ష్మన్నా, అబద్ధం, అబద్ధం" అని పరుగెత్తేసరికి కంప్లి బస్సు మలుపు తిరిగింది. నాకు నవ్వు రాలేదు. తరవాతి బస్సు పట్టుకున్నాను.

నేను మిల్లులో అడుగుపెట్టేసరికి లక్ష్మన్న విరూపాక్షయ్య ముందు నిలబడి అన్నీ చెప్పేస్తున్నాడు. బియ్యం బేరం, సగం మూసిన కన్ను, మంగళవారాలు, చాయ్ అంగడి, హులిగెప్ప, మిషన్, మాట. ముప్పై ఏళ్ల ఆచారం రహస్యమంతా తవుడు మీద పారబోశాడు.

"దసరా దాకా గుండు చేయించుకోవద్దు సామీ," అన్నాడు. "పోవల్లంటే తరవాత పోండి. నేను గూడా మీతో వచ్చి ఇస్తా."

విరూపాక్షయ్య ఊపిరాడనట్టు కూర్చున్నాడు. "అంటే నువ్వు తవుడు పడిందన్నది మా తలలు చూసేకా?"

"హౌదు సామీ."

"ప్రతి మంగళవారం చాయ్ అంగట్లో మొగానికి పేపర్ అడ్డం పెట్టుకోని కూర్చునేది నువ్వేనా? ఇన్‌కంటాక్సోడని మేము రెండు నెలల్నుంచి భయపడి చస్తాండాము!" గుమాస్తాలు నోళ్లు మూసుకుని నవ్వారు. "ఐనా నేను తిరపతికి పోతానని ఎవరు చెప్పినారప్పా నీకు?"

లక్ష్మన్న కార్డు తీసి ఇచ్చాడు. ఆయన తిప్పి చూశాడు. అప్పటికే నేను గుమ్మంలో నిలబడి నా కాళ్లు చూసుకుంటున్నాను.

"నేనే," అన్నాను.

లక్ష్మన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అక్కడే బియ్యం మూట మీద కూలబడి, "అయితే గుండు లేదు," అన్నాడు. రెండుసార్లు అన్నాడు. కొట్టుంటే బాగుండేది.

విరూపాక్షయ్య మాత్రం వదల్లేదు, నా చెవి పట్టుకుని మెలిపెట్టాడు. తరవాత లక్ష్మన్న వైపు తిరిగి, "పో, నిశ్చింతగా పో. క్షవరం గూడా చేయించుకోను. దసరాకు ఆ టోపీతోనే వస్తా," అన్నాడు.

వచ్చాడు. విజయదశమి నాడు, బన్నీ ఆకులు చేతులు మారుతున్న వేళ, తెల్ల పంచె, నల్లకోటు, ఆ టోపీ. కుర్చీ వేసి రాజగోపాలయ్య అంగడి మెట్ల మీదే కూర్చోబెట్టారు. వీధికి ఈ పక్క లక్ష్మన్న తన గుమ్మంలో, ఆయన వెనక పంపమ్మ, పక్కన నేను. టోపీ అంగుళం కూడా జారలేదు. ముందు రెండు వేళ్ల నుదురు వదిలి, చెవులకు తగలకుండా, ఎలా ఉండాలో అలా ఉంది.

"చూసినావా లక్ష్మన్నా!" రాజగోపాలయ్య అవతలి పక్కనుంచి కేక వేశాడు. "కూర్చునిందప్పా! నీ మాటే నిలిచింది!"

పంపమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఈలేశాను. లక్ష్మన్న మాత్రం ఒక కన్ను సగం మూశాడు.

"ఏంది మల్ల?" అన్నాను.

ఆయన గుమ్మం దిగి వీధి దాటాడు. మేం వెనకాలే పోయాం.

"అయ్యా," అన్నాడు విరూపాక్షయ్యతో, "లోపల కాగితం ఉండాది."

"గమ్మునుండప్పా," విరూపాక్షయ్య పళ్ల మధ్యనుంచి అన్నాడు. "పండగపూట నీకెందుకు?"

"ఎడమ పక్క రెండు పొరలు. కుడి పక్క ఒకటి. వెనక లేదు."

రాజగోపాలయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చేయి చాచాడు. విరూపాక్షయ్య నిట్టూర్చి టోపీ తీసిచ్చాడు. నడినెత్తిన జుట్టు ఇంకా పలచగానే ఉంది. తోలుపట్టీ తిప్పితే మడిచిన న్యూస్‌పేపర్. ఎడమ పక్క రెండు పొరలు. కుడి పక్క ఒకటి.

కాగితం తీసేసి మళ్లీ పెడితే, టోపీ కనుబొమల మీదికి వాలింది.

ఎవరూ నవ్వలేదు. పంపమ్మ, "నోరు మూసుకోని ఉండేకి ఏమైందప్పా నీకు?" అంది, చాలా మెల్లగా.

"కూర్చోలేదయ్యా," అన్నాడు లక్ష్మన్న. "తప్పింది. మిషన్ ఎవరికిస్తారో చెప్పండి, శుభ్రం చేసి ఇస్తా."

రాజగోపాలయ్య ఆ కాగితాన్ని విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు. వీధికి అవతల ఉన్న లక్ష్మన్న గుమ్మాన్ని చూశాడు. అక్కణ్నుంచి ఇక్కడికి ఎంతుంటుందో కొలుస్తున్నట్టు.

"ఆడ నుంచి కనపడిందా నీకు ఇది?"

"కనపడక? ఎడమపక్క అంత ఎత్తి ఉంటే."

"కాగితం పొరలు ఈధి అవతల నుంచి లెక్కబెట్టేవాన్ని ఒదులుకోని, మూడు సైజుల కోసం హుబ్బళ్లికి పొమ్మంటావా నన్ను?" కోపంగానే అన్నాడు. "మాఘంలో మా తమ్ముని ఇంట్లో పెండ్లి. మొగపెండ్లోళ్లు ఆదోని. టోపీలు పదహైదు. నువ్వే పోవల్ల."

"మాటిచ్చినా గదయ్యా, మిషన్..."

"నీ మిషన్ నాకెందుకప్పా? నేను కుట్టేనా? పో, పో, జనం చూస్తాండారు."

విరూపాక్షయ్య కనుబొమల మీది టోపీని వెనక్కి నెట్టుకుని, బన్నీ ఆకు ఒకటి లక్ష్మన్న చేతిలో పెట్టాడు. "నడినెత్తి సంగతి నా చేతిలో లేదప్పా. వచ్చినప్పుడు కబురు పంపిస్తా."

తిరిగి వస్తుంటే పంపమ్మ ముందు నడిచింది, కళ్లు తుడుచుకుంటూ, తిట్టుకుంటూ. లక్ష్మన్న వీధి మధ్యలోనే ఆగిపోయాడు. వెనక జట్కా వాడు అరుస్తున్నాడు. ఆయన కుడికాలు మట్టిలో ఆడడం మొదలుపెట్టింది.

"ఏరా," అన్నాడు నాతో, "ఆదోనికి తెల్లారి బస్సు ఎన్నింటికి?"

"పెండ్లి మాఘంలో గదా. ఇప్పుడే యాల?"

"తలలు తరవాత చూద్దాములే. ఆదోనోళ్లు ఏ దేవునికి మొక్కుకుంటారో ముందు అది కనుక్కోవల్ల."